డేమియన్ వడ్రంగం

ఫాదర్ డేమియన్ కథ ఎవరు చెప్పినా చివరి నుంచే మొదలుపెడతారు. కుష్ఠురోగుల మధ్య బతికి, ఆ జబ్బే తనకూ సోకి, 1889లో 49 ఏళ్లకే కన్నుమూశాడని. నిజమే. అయితే చావు మీదే చూపు ఆగిపోతే, అంతకుముందు పదహారేళ్లు ఆయన చేసిన చాకిరీ మరుగున పడిపోతుంది.

బెల్జియం రైతుబిడ్డ. అసలు హవాయీకి రావలసింది ఆయన అన్న. అన్నకు జబ్బు చేయడంతో తమ్ముడు ఓడెక్కి 1864లో హొనొలులులో దిగాడు. మరుసటి ఏడే హవాయీ రాజ్యం ఓ చట్టం చేసింది. కుష్ఠు సోకిన వాళ్లను ఇంటి నుంచి విడదీసి మొలొకాయి దీవిలో ఓ మూలకు పంపేయాలి. వెనక నిట్టనిలువు కొండ, మిగతా మూడువైపులా సముద్రం. ఇక జైలుగోడలెందుకు?

నలుగురు ఫాదర్లు వంతులవారీగా వెళ్లి రావాలన్నది బిషప్ ఆలోచన. 1873 మేలో డేమియన్ వంతు మొదలైంది, ఇక అక్కడే ఉండిపోయాడు. శవానికి పెట్టె కూడా దొరకని చోట ఆయన సుత్తి పట్టాడు. పెట్టెలు చేశాడు, గోతులు తవ్వాడు, ఇళ్లు కట్టాడు, గొట్టాలు వేసి నీళ్లు తెచ్చాడు. కలప పంపండి, గొట్టాలు పంపండి అంటూ ఆరోగ్య బోర్డు ప్రాణం తీసేవాడు. మొండివాడని పైవాళ్లకు చిరాకు. పటంలోని పునీతుడికంటే నాకు ఈ సతాయించే మనిషే దగ్గరివాడనిపిస్తాడు.

ఒకసారి పెద్ద ఫాదర్ ఓడలో వచ్చారు. ఆయన్ని దిగనివ్వలేదు, డేమియన్‌ను ఎక్కనివ్వలేదు. కింద పడవలోంచి, అందరూ వింటుండగా, డేమియన్ తన పాపసంకీర్తనం, అంటే ఫాదర్ ముందు తప్పులు ఒప్పుకోవడం, గట్టిగా అరిచి చెప్పుకున్నాడు.

అలాగని ఆయన వచ్చేదాకా అక్కడ అంతా చీకటేనని చెప్పడం ఆ రోగులకు అన్యాయం. 1866లోనే వాళ్లు సిలోఆమా పేరుతో సొంతంగా ఓ ప్రొటెస్టెంట్ చర్చి పెట్టుకున్నారు. ఆ చట్టం కింద దాదాపు ఎనిమిది వేల మంది అక్కడికి వెళ్లారు. వాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? జబ్బును లొంగదీసే మందులు 1940ల్లోనే వచ్చినా, వేరుపెట్టే చట్టం 1969 దాకా పోలేదు.

1936లో డేమియన్ దేహాన్ని బెల్జియం తీసుకెళ్లారు. 2009లో రోమ్‌లో పునీత పట్టం ఇచ్చారు. అంతకుముందే, 1995లో, ఆయన కుడిచేతి అవశేషాన్ని మొలొకాయికి తిరిగి పంపారు. మొదట పూడ్చిన సమాధిలోనే దాన్ని మళ్లీ పెట్టారు. సుత్తి పట్టిన చెయ్యి అదే.