తప్పంతా కప్పలదే

మా విజయనగరం జిల్లాలో వానలు పడుతున్నా రాత్రిళ్లు బెకబెకలు వినబడటం లేదు. విచారించి చూడగా తప్పంతా కప్పలదేనని తేలింది.

ఊరి చివర బంద (చిన్న చెరువు) సంగతే చూడండి. తరతరాలుగా అందులోనే కాపురం. ఒక్క కప్పయినా పట్టాదారు పాసుపుస్తకం చేయించుకుందా? మట్టి తోలి, రాళ్లు పాతి, ‘లేక్ వ్యూ ప్లాట్లు’ అని బోర్డు పెట్టాక ఇప్పుడు ఏడిస్తే ఏం లాభం? లేక్ లేకపోయినా వ్యూ ఉంటుందట, అది వేరే సంగతి.

పైగా ఆ ఒళ్లొకటి! కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే, ఊపిరి కూడా కొంతవరకు దాంతోనే. అలాంటి ఒళ్లు పెట్టుకుని గుళికలు చల్లిన వరిమడిలో ఎవరు దిగమన్నారు? మందు డబ్బా మీద ఎర్ర గుర్తు ఉంటుంది కదా, చూసుకోవద్దూ? మొక్కజొన్నకు కొట్టే కలుపు మందు అట్రజిన్ కథ మరీ విడ్డూరం. అది కలిసిన నీళ్లలో పెంచితే మగకప్పల్లో పదింటికొకటి ఆడదైపోయి గుడ్లు కూడా పెట్టిందని 2010లో అమెరికాలో జీవశాస్త్రవేత్త టైరోన్ హేస్ బృందం చూపించింది. అసలు బెకబెకమనేది మగకప్పే. పాట తప్పించుకోవడానికి మరీ ఇంత దూరం వెళ్లాలా?

1987లో కేంద్రం కప్పకాళ్ల ఎగుమతి ఆపేసి ప్రాణభిక్ష పెట్టింది. ఆ విశ్వాసమైనా లేదు. తొలివాన రాత్రి గుడ్లు పెట్టడానికి బయల్దేరి హైవే మీద లారీల కింద పడతాయి. కప్పదాటు అని పేరే గానీ రోడ్డు దాటడం రాదు. 2023 లెక్కల్లో ప్రపంచంలోని ఉభయచరాల్లో నూటికి 41 రకాలు అంతరించే ముప్పులో ఉన్నాయంటే, ఇది అంతర్జాతీయ కుట్రే.

ఆమధ్య వానలు మొహం చాటేస్తే మా వీధిలో కప్పతల్లి ఆడించాలనుకున్నారు. రోకలికి పసుపు రాసి, వేపమండలు కట్టి, అంతా సిద్ధం చేశారు. కప్ప ఏదీ? పిల్లలు గెడ్డ వాగంతా గాలించి తడిసిన నిక్కర్లతో తిరిగొచ్చారు. ఆఖరికి ఫ్యాన్సీ షాపులో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ కప్ప కొని, పురికొసతో రోకలికి బిగించి ఊరేగించాం. పక్కింటి మామ్మ బిందెడు నీళ్లు భక్తిగా పోసి, చెవి దగ్గర పెట్టి మరీ విన్నది.

“ఇదేట్రా, అరవదేటి?”

“సెల్లులెయ్యనేదు మామ్మా.”