డిప్రెషన్ తగ్గాక మతిమరుపు ఉంటే సోమరితనమా?

తిరుపతిలో మా వీధి వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఒకటి చిత్తూరు బంధువుల దాకా పోయింది. "డిప్రెషన్ తగ్గిందో లేదో ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది. రిపోర్టు నార్మల్ వస్తే మాత్రలు ఆపేయండి. ఇంకా మతిమరుపు ఉందంటే అది సోమరితనం, లేదా మాత్రలు మెదడును పాడుచేశాయి." అది చదివి మా చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నాది సోమరితనమేనా?" ఏడాదిగా కోలుకుంటున్న పిల్ల. నాకు చాలా కోపం వచ్చింది.

ముందు రక్తపరీక్ష సంగతి. బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ డిప్రెషన్ ఉన్నవాళ్ల రక్తంలో సగటున తక్కువ, చికిత్సతో సగటున పెరుగుతుంది. అంతవరకు నిజం. కానీ ఆరోగ్యవంతుల అంకెలు, రోగుల అంకెలు చాలావరకు కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఒక మనిషి రిపోర్టు చూసి ఏమీ తేల్చలేం. మిగతా పరీక్షలూ అంతే. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ మామూలు ఇన్ఫెక్షన్‌కీ పెరుగుతుంది. 1980లలో డెక్సామెథసోన్ అనే మందు ఇచ్చి కార్టిసాల్ కొలిచే పరీక్ష మీద ఇలాగే ఆశలు పెట్టుకున్నారు. డిప్రెషన్ ఉన్న చాలామందికి నార్మల్ రావడం, వేరే జబ్బులవాళ్లకు తేడా చూపడం వల్ల దాన్ని పక్కన పెట్టారు. థైరాయిడ్, బీ12 పరీక్షలు మాత్రం చేయించాలి. ఆ లోపాలతోనూ మతిమరుపు వస్తుంది, మందులతో సరిచేయొచ్చు.

ఇక సోమరితనం అన్న మాట. రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు తగ్గాక కూడా ఏకాగ్రతలో, చెప్పిన విషయాన్ని కాసేపు మనసులో పట్టుకోవడంలో, జ్ఞాపకంలో లోటు మిగులుతుందని, జబ్బు మళ్లీ మళ్లీ వస్తే ఆ లోటు పెరుగుతుందని అది చెప్పింది. మా చెల్లెలికి బస్టాండులో చిత్తూరు బస్సు ఏ ప్లాట్‌ఫారమో చెబితే నాలుగడుగులు వేసేలోపు మరిచిపోయేది. పదో తరగతి పద్యాలు మాత్రం తడబడకుండా అప్పజెబుతుంది. తిరుచానూరు పంచమి తీర్థం గురించి అడిగితే "ఏటా పోతాం కదా" అంటుంది, ఫలానా ఏడు ఏం జరిగిందో చెప్పలేదు. ఒక రోజును విడిగా గుర్తు తెచ్చుకోలేకపోవడం డిప్రెషన్‌లో కనిపిస్తుందని పరిశోధకులు 1980ల నుంచీ రాస్తున్నారు. కోలుకున్నాక కూడా అది కొందరిలో ఉంటుంది. కావాలని మరిచిపోయేవాళ్లు ఎవరూ లేరు.

మాత్రల మాటలో సగమే నిజం. అమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు, కొన్ని నిద్రమాత్రలు జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. అలాంటప్పుడు డాక్టరుకు చెబితే డోసు తగ్గిస్తారు, మందు మారుస్తారు. అసలు మందే వాడనివాళ్లలోనూ ఈ మతిమరుపు ఉంటుంది. మొదటిసారి జబ్బు తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమని మామూలుగా చెబుతారు. సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

ఆపాలా వద్దా అని టెన్షన్ పడుతున్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మా చెల్లెలు ఏం మరిచిపోతోందో చిన్న నోటుబుక్కులో రాసుకుంటోంది. వచ్చే చెకప్‌లో దాన్ని డాక్టరుకు చూపిస్తాం.