గాత్రం లేదనే ముందు శ్రుతి మార్చి చూడండి

తెలుగు సంఘాల ఉగాది వేడుకల్లో పాటలకు పేర్లివ్వమని అడిగితే నలభై దాటినవాళ్లు చెప్పే జవాబు దాదాపు ఒక్కటే: "మాకు గాత్రం లేదండీ, పిల్లలు పాడతారు." ఆ పిల్లల్ని వారం వారం సంగీతం క్లాసు దగ్గర దింపి, అయ్యేదాకా కారులో కూర్చునేదీ వీళ్లే. గాత్రం పుట్టుకతో రావాలి, రాకపోతే ఇక అంతే అన్న నమ్మకం మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. చెప్పాలి. సరదాకి పాడుకునేవాళ్ల విషయంలో "గాత్రం లేదు" అనిపించేవాటిలో చాలా భాగం నేర్చుకుంటే పోయే లోపాలే. వాటిలో మొదటిది, తనది కాని శ్రుతిలో, అంటే తన గొంతుకు సరిపడని ఆధార స్వరం మీద, పాడటం.

కరోకే ట్రాకు అసలు గాయకుడి శ్రుతిలో ఉంటుంది. పల్లవి ఎలాగో గడుస్తుంది. చరణం పైకెక్కేసరికి గొంతు పట్టేస్తుంది, స్వరం కిందికి జారుతుంది, వినేవాళ్లు మొహాలు చూసుకుంటారు. పాడేవాడు ఇక జన్మలో మైకు పట్టుకోనని ఒట్టేసుకుంటాడు. అదే ట్రాకును రెండు మూడు మెట్లు కిందికి దించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. దించే సదుపాయం ఫోన్ యాప్‌లలోనే ఉంది. అయిదారు మెట్లు దించితే మాత్రం వాద్యాల నాదం మొద్దుబారుతుంది. అంత దించాల్సి వస్తే వేరే పాట చూసుకోవడం మేలు.

తన శ్రుతి తెలుసుకోవడం పావుగంట పని. కీబోర్డు ముందు కూర్చుని, గరగర లేకుండా నిలపగలిగిన అట్టడుగు స్వరం ఏదో చూడండి. దాన్ని మంద్ర పంచమం (కింది స్థాయి "ప") అనుకుని, నల్లవీ తెల్లవీ కలిపి అయిదు మెట్లు పైకి లెక్కపెడితే వచ్చేది మీ షడ్జం ("స"). అక్కడి నుంచి తారస్థాయి (పై స్థాయి) షడ్జం దాకా, వీలైతే పై గాంధారం ("గ") దాకా, మెడ నరాలు బిగుసుకోకుండా వెళ్లగలగాలి. బిగుసుకుంటే ఒక మెట్టు దించి మళ్లీ చూడండి. సాధారణంగా మగవాళ్లకు ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు మధ్య కుదురుతుంది (కీబోర్డు తెల్ల మెట్లలో C ఒకటి, D రెండు, అలా లెక్క; "న్నర" అంటే దాని పై నల్లది). ఇదంతా పొద్దున లేవగానే చేయకండి. అప్పుడు గొంతు మామూలు కంటే కిందికి పలుకుతుంది, లెక్క తప్పుతుంది.

"శ్రుతి సరే, అసలు నా చెవే పనిచేయదు" అనేవాళ్లున్నారు. బాగా తెలిసిన పాటలో ఎవరైనా ఒక్క స్వరం తప్పు పాడితే మీకు చివుక్కుమంటుందా? అంటే చెవి పనిచేస్తున్నట్టే. పుట్టుకతోనే స్వరభేదం తెలియనివాళ్లు నిజంగా ఉన్నారు, కానీ చాలా కొద్దిమంది. హచిన్స్, పెరెట్జ్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఒక స్వరాన్ని వినిపించి, దాన్ని గొంతుతోనూ, వేలితో జరిపే ఒక మీటతోనూ అందుకోమన్నారు. గొంతుతో తప్పినవాళ్లలో చాలామంది మీటతో సరిగ్గానే అందుకున్నారు. విన్నది తెలుస్తోంది, గొంతును అక్కడికి తీసుకెళ్లడమే తెలియడం లేదు. అది కండరాలకు నేర్పాల్సిన పని. యంత్రనాదం కంటే మనిషి గొంతును అనుకరించడం తేలికని కూడా వాళ్లు గమనించారు. అందుకే మొదటి నెలల్లో తంబురా యాప్ ఒక్కటే పెట్టుకుని తంటాలు పడటం కన్నా, మీలాంటి గొంతున్న మనిషి "సా" అని నిలిపితే పక్కన కలపడం మంచిది.

ఇక సాధన. అనగ అనగ రాగం అతిశయిల్లుతుందని మనందరికీ నోటికొచ్చు. తప్పు స్వరాన్ని అంటూ పోతే అదీ అలాగే అతిశయిల్లుతుందన్న సంగతి ఎవరూ చెప్పరు. పురందరదాసు ఏర్పరిచారని సంప్రదాయం చెప్పే సరళీవరుసలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో ఎందుకున్నాయో చూడండి. స-రి మధ్య ఒక మెట్టు, రి-గ మధ్య మూడు మెట్లు, గ-మ మధ్య మళ్లీ ఒక మెట్టు. ప-ద-ని-సలోనూ అచ్చం ఇవే దూరాలు. కింది నాలుగు కుదిరితే పై నాలుగు సగం వచ్చేసినట్టే. తప్పు జరిగేది ముఖ్యంగా రెండు చోట్ల. శుద్ధ రిషభం (ఈ రాగంలోని "రి") కాస్త పైకి జరిగి, దాని పై మెట్టు రిషభమైన చతుశ్శ్రుతి వైపు వెళ్తుంది, చెవి దానికే అలవాటుపడింది కాబట్టి. అక్కడి నుంచి పెద్ద అంగ వేయాలి కాబట్టి అంతర గాంధారం (ఈ రాగంలోని "గ") అందక కిందే ఆగుతుంది. వరుసగా స-రి-గ అని వందసార్లు పాడినా ఇది బాగుపడదు. ముందు స-ప-స, తర్వాత స-గ-స నిలపండి. గాంధారం స్థిరపడ్డాక రిషభాన్ని మధ్యలో పెట్టండి.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కంటే అదే నయం. అయిదు నిమిషాలు షడ్జ పంచమాలు నిలపడం, పది నిమిషాలు ఒకే వరుస మూడు కాలాల్లో (మూడు వేగాల్లో), మిగతా అయిదు రికార్డు చేసి వినడం. చివరిది అందరూ వదిలేస్తారు, గుణమంతా అందులోనే ఉంది. స్వరం ఎక్కడుందో ముల్లుతో చూపే ట్యూనర్ యాప్ వాడితే షడ్జానికీ పంచమానికీ మాత్రమే వాడండి. గమకం (స్వరాన్ని ఊపి పలకడం) వచ్చే స్వరాల దగ్గర ముల్లు ఎలాగూ నిలవదు, దాన్ని చూసి గమకం మానేసేవాళ్లూ ఉన్నారు!

తాళం సంగతి ఇంకా తేలిక, అయినా ఎక్కువమంది దొరికిపోయేది అక్కడే. చెయ్యి పాటను అనుసరిస్తుంది. పాటలో కష్టమైన మలుపు దగ్గర గొంతు తడబడితే చెయ్యీ ఆగి నిలబడుతుంది. లయ కొట్టి చూపే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ముందు ఆది తాళం ఎనిమిది అక్షరాలూ చేతితో వేయండి: దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ-విసురు, దెబ్బ-విసురు. దాని మీద స్వరాలను రాగం లేకుండా చదవండి. చెయ్యి ఆగకపోతేనే పాడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ట్రాకుతో పాడి రికార్డు చేసేటప్పుడు తీగ ఉన్నవే పెట్టుకోండి. లేకపోతే లయ సరిగ్గా ఉన్నవాళ్లు కూడా రికార్డులో వెనకబడినట్టే వినిపిస్తారు.

ప్రతిభ అనేది అసలు లేదని ఇక్కడ వాదన కాదు. స్వీడన్‌లో పదివేల మందికి పైగా కవలల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, స్వర లయల భేదాలను పసిగట్టే శక్తికి సాధన గంటలు కారణమని తేలలేదు. ఎంతసేపు సాధన చేస్తారన్నదానిలోనూ వంశపారంపర్యం కనిపించింది. ఒక్కసారి విని కీర్తన పట్టేసేవాళ్లు, బిరకాలు (వేగంగా దొర్లే స్వరాలు) అలవోకగా పలికేవాళ్లు ఉన్నారు, ఉంటారు. అయితే ఆ అధ్యయనం కొలిచింది భేదం పసిగట్టడాన్ని. ఒక వర్ణం (కర్ణాటక సంగీతంలో ఒక రకం రచన) రెండు కాలాల్లో తాళం తప్పకుండా పాడటం అందులో లేదు, అది నేర్చుకోనిదే ఎవరికీ రాదు. అటువైపు ఏ విద్యైనా పట్టుబడాలంటే "పదివేల గంటలు" సాధన చేయాలనే మాట కూడా మనకు పనికిరాదు. అది 1993లో బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద వచ్చిన పరిశోధన నుంచి పుట్టిన సగటు, వృత్తిగా తీసుకోబోయేవాళ్లది. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున అక్కడికి చేరడానికి ఎనభై ఏళ్లు దాటుతుంది. మనకు కావలసింది దసరాకు ఒక కీర్తన.

విదేశాల్లో చాలామందికి గురువు తెర మీదే దొరుకుతారు. ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి పాడటం కుదరదు, ఆలస్యం వల్ల ఒకరికొకరు వెనకబడినట్టు వినిపిస్తారు. వంతులవారీగా పాడాల్సిందే. రొద తగ్గించే సెట్టింగు నిలిపిన స్వరాన్నీ తంబురానూ కూడా రొద అనుకుని మింగేస్తుంది. జూమ్‌లో అయితే "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేయండి, తంబురా ఎవరి వైపు వాళ్లే పెట్టుకోండి.

సంఘాల కార్యవర్గాలకు ఒక మాట. పెద్దల బృందగానం పెట్టేటప్పుడు ఆడామగా అందర్నీ ఒకే శ్రుతిలో నిలబెట్టకండి. అయిదు శ్రుతిలో మగవాళ్లకు పైస్థాయి అందదు, ఒక స్థాయి దించుకుంటే మంద్రం పలకదు. ఒకటిన్నరలో ఆడవాళ్లదీ అదే అవస్థ. మూడో నాలుగో శ్రుతి అని రాజీ పడితే ఇద్దరూ ఇబ్బంది పడతారు, తర్వాత అందరూ కలిసి "మాకు గాత్రం లేదు" అంటారు. మగవాళ్లకొక పాట, ఆడవాళ్లకొక పాట పెట్టండి. వేదిక మీద ఒక స్పీకరు పాడేవాళ్ల వైపు తిప్పండి. ఎంపిక పరీక్ష మాత్రం వద్దు. పన్నెండు వారాల ముందు మొదలుపెట్టి, మొదటి నాలుగు వారాలు పాట జోలికి పోకుండా షడ్జమూ తాళమూ మాత్రమే చేయించండి.