మా ఓవెన్‌కి నేను చేసిన వైద్యం

రాత్రి ఎప్పుడో కరెంటు పోయి వచ్చింది. పొద్దున లేచి చూస్తే ఇంట్లో అన్నీ క్షేమంగానే ఉన్నాయి, ఒక్క ఎలక్ట్రిక్ కుకింగ్ రేంజ్ తప్ప. అది కూడా పూర్తిగా కాదు. పైనున్న నాలుగు పొయ్యిలూ ఎర్రగా కాలుతున్నాయి. కింద ఓవెన్‌లో లైటు వెలుగుతోంది. వేడి మాత్రం లేదు. మా ఆవిడ పిండి కలిపి, ట్రేలో పోసి లోపల పెట్టి అరగంటయింది. బయటికి తీయడానికి గుడ్డ కూడా అక్కర్లేకపోయింది.

"మెకానిక్‌ని పిలుద్దామండీ" అంది.

ఆ మాటకి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. స్క్రూడ్రైవర్ల సెట్టు కొని రెండేళ్లయింది. అందులో ఇప్పటిదాకా వాడింది ఒక్కటి, అదీ పెయింట్ డబ్బా మూత తీయడానికి.

"పైవి వేడెక్కుతున్నాయంటే కరెంటు వస్తున్నట్టే. కిందది వేడెక్కడం లేదంటే కాయిల్ పోయినట్టే. దీనికి మెకానిక్ ఎందుకు?" అన్నాను. ఆ తర్కంలో లోపం ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

రేంజ్ ముందు భాగంలో చిన్న గడియారం ఒకటి ఉంటుంది. అందులో 0:00 అని అంకెలు టపటపా కొట్టుకుంటున్నాయి. చూశాను. చూసి వదిలేశాను. గోడ మీద గడియారం, చేతికి గడియారం, జేబులో ఫోను ఉండగా పొయ్యిని టైమెవరు అడుగుతారు?

ముందు మెయిన్ ఆపాను. ఈ ఒక్క విషయంలో నన్నెవరూ తప్పు పట్టలేరు. నాబ్ సున్నా దగ్గర పెట్టినంత మాత్రాన వెనక వైర్లలో కరెంటు లేనట్టు కాదు. మెయిన్ దగ్గరే ఆపాలి, ఆపి మల్టీమీటర్‌తో కరెంటు లేదని చూసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. నేను అలాగే చేశాను. ఆ రోజు నా కొంప ముంచింది కూడా ఆ జాగ్రత్తే.

టార్చి పట్టుకుని ఓవెన్‌లో తల దూర్చాను. కాయిల్ కాలిపోతే ఒక్కోసారి దాని మీద పొంగో పగులో కనిపిస్తుంది. కనిపించింది! నల్లగా, బఠాణీ గింజంత. "దొరికిందోయ్" అని లోపల్నుంచే అరిచాను. నా అరుపు నా చెవుల్లోనే గింగురుమంది. మా ఆవిడ వచ్చి దాన్ని గోటితో గీకింది. ఊడి చేతికొచ్చింది. పోయిన నెల ట్రేలోంచి పొంగి మాడినదాని తాలూకు అవశేషం.

అయినా తగ్గలేదు. రేంజ్‌ని ముందుకు లాగి, వెనక రేకు విప్పి, కాయిల్ వైర్లు తీసి మీటర్ పెట్టాను. 230 వోల్టుల మీద నడిచే 2,000 వాట్ల కాయిల్‌కి లెక్క ప్రకారం 26 ఓంల నిరోధం రావాలి. ఇంచుమించు అంతే వచ్చింది. వైర్లు తగిలించి, రేకు మూసి, మెయిన్ వేసి చూశాను. చల్లగా ఉంది.

మళ్లీ మెయిన్ ఆపాను. ఈసారి వేడిని కనిపెట్టే సెన్సర్. ఓవెన్ లోపల వెనక గోడకి పెన్సిల్ ముక్కలా పొడుచుకొచ్చి ఉంటుంది చూడండి, అదే. మా దాంట్లో ఉన్న రకం మామూలు గది వేడికి 1,080 ఓంల చుట్టుపక్కల చూపించాలి. చూపించింది. రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినా మూలుగుతూ మంచం దిగని రోగిలా ఉంది వ్యవహారం. చేసేదిలేక సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి, మెయిన్ వేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

వచ్చి తలుపు తీస్తే మొహానికి సెగ కొట్టింది!

ఇక నన్ను పట్టడం ఎవరి తరం? "కనెక్టర్‌లో తుప్పు. కంటికి కనిపించదు. చెయ్యి తిరిగినవాడికే తెలుస్తుంది" అని ఇంటిల్లిపాదికీ వినబడేలా చెప్పాను. మా ఆవిడ ట్రే తీసుకొచ్చింది. అక్కడితో ఆగితే పేరు దక్కేది. కానీ బల్ల మీద స్క్రూ ఒకటి మిగిలిపోయి ఉంది, వెనక రేకుది.

మెయిన్ ఆపాను. స్క్రూ బిగించాను. మెయిన్ వేశాను. ఓవెన్ వేడెక్కదే!

"ఈ స్క్రూ లోపల దేనికో తగులుతోంది" అని తేల్చాను. మెయిన్ ఆపి, స్క్రూ తీసి, మెయిన్ వేసి, చేతులు కడుక్కుని వస్తే మళ్లీ సెగ. అంటే దోషం స్క్రూదే. అప్పుడైనా ఊరుకోవచ్చుగా? రుజువు కోసం ఇంకోసారి బిగించాను. చల్లబడింది. తీశాను. ఈసారి తీసినా వేడెక్కలేదు. అప్పుడు చిన్న అనుమానం వచ్చింది. నేను చేతులు కడుక్కుంటేనే ఇది పనిచేస్తోందా?

కుళాయి తిప్పి వదిలేసి, గుమ్మం చాటునుంచి తొంగిచూశాను. మా అమ్మాయి వచ్చింది. ఒక చేత్తో ఫోను చూసుకుంటూ, రెండో చేత్తో గడియారం కింద బటన్లు టకటకా నొక్కింది. సున్నాలు పోయి టైమొచ్చింది. లోపల టిక్కుమంది.

"ఏం చేస్తున్నావే?"

"టైము పెడుతున్నా నాన్నా. ఆ సున్నాలు కొట్టుకుంటుంటే చూడలేక చస్తున్నా. పొద్దుట్నుంచి ఇది మూడోసారి. ఎన్నిసార్లు పెట్టినా పోతోంది. ముందు ఈ గడియారం బాగుచెయ్యరాదూ?"

సొరుగులోంచి, కవరు కూడా విప్పని మాన్యువల్ తీశాను. కరెంటు పోయి వస్తే టైము పెట్టేదాకా ఓవెన్ వేడెక్కదని ఏడో పేజీలో, అదీ బొమ్మతో సహా ఉంది.

వెనక రేకుకి ఆ స్క్రూ ఇంకా బిగించాలి. బిగించాలంటే మెయిన్ ఆపాలి. ట్రే బయటికొచ్చేదాకా మా ఆవిడ మెయిన్ స్విచ్ కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.