గోడ దాటించే గొట్టానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వంపు గొట్టం గారికి,

నెల్లూరు దర్గామిట్టలో తడి చాప పక్కన కూర్చుని రాసుకుంటున్న విన్నపం. తమరు మా ముందుగదిలో చేపల తొట్టి అంచు మీద, లోపల ఒక కాలు, బయట ఒక కాలు వేసి వేంచేసి ఉన్నారు. గోడ మీది పిల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక వైపు దూకుతుంది. తమరు ఆ మాత్రం తేల్చరు.

తమరిని ఈ ఇంటికి తెచ్చిన పాపం నాదే. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి. దాని కింద బల్లలో, వడపోతకు 70 లీటర్ల చిన్న తొట్టి. పైన ఎక్కువైన నీళ్లు కిందికి దిగాలి, మోటారు వాటిని మళ్లీ పైకి ఎక్కించాలి. మా జిల్లాలో చెరువు ఉన్న ఏ ఊళ్లో అడిగినా చెబుతారు, ఎక్కువైన నీళ్లకు కలుజు ఉండాలని. కట్టకంటే కాస్త తక్కువ ఎత్తులో ఒక రాతి గోడ, అంతే. చెరువు నిండితే నీళ్లు దాని మీదుగా పొర్లి వాటి దారిన అవి పోతాయి. గాజు తొట్టికి అటువంటి కలుజు కావాలంటే గాజుకు కన్నం వేయాలి. తొట్టి అమ్మినాయన "పగిలితే నాకు సంబంధం లేదు" అన్నాడు. నా గుండె జారింది.

సరిగ్గా అప్పుడే తమరు తగిలారు. అంగుళం పీవీసీ పైపు, నాలుగైదు ఎల్బోలు, మూడు మూతుల టీ ముక్క ఒకటి, అతికించడానికి ఒక డబ్బా సాల్వెంట్. కన్నం లేకుండానే గోడ దాటిస్తానన్నారు. గోడ దాటించేవాళ్ల మాటలు ప్రతి ఎన్నికలకూ వింటూనే ఉన్నాను, అయినా నమ్మాను.

కడుపులో గాలి పోయి నీళ్లు నిండితేనే తమరు వాటిని గోడ మీదుగా లాగుతారు, అదే సైఫన్. అందుకని మొదటి రోజు ఆ గాలిని సన్న గొట్టం పెట్టి నోటితో పీల్చాను. గాలి వెనకే గోల్డ్ ఫిష్‌ల సంసారమంతా నోట్లోకి వచ్చింది. మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి ఒక్క మాటే అడిగింది: "ఉప్పు సరిపోయిందా?"

ఆ రాత్రి తమరి గురక మొదలైంది. నీళ్లు దిగుతూ గాలిని వెంట లాక్కుపోతున్నాయి. ఆ గాలి వచ్చే దారి లేక నిలువు గొట్టం హుక్కాలా గుడగుడలాడుతోంది. నెత్తిన మూతకు సన్న కన్నం వేస్తే తగ్గుతుంది. ఎంత సన్నదో తేలడానికి మూడు మూతలు పట్టాయి. గాజుకు ఒక్క కన్నం వేయడానికి భయపడినవాణ్ని, ప్లాస్టిక్‌కు మాత్రం వీరుణ్ని.

కరెంటు పోయిన రోజు సంగతిలో తమరి తప్పు లేదు. మోటారు నుంచి పైకి వచ్చే గొట్టం మూతిని, కనిపించకుండా ఉంటే అందమని, ఐదంగుళాల లోతున ముంచాను. మోటారు ఆగగానే ఆ గొట్టమే సైఫనై నీళ్లను వెనక్కి లాగేసింది. నా తొట్టిలో అంగుళం నీళ్లంటే 14 లీటర్లు. ఐదంగుళాలకు 70. కింది తొట్టిలో ఉన్న ఖాళీ 30. తక్కిన 40 లీటర్ల లెక్క చాప చూసుకుంది. నీటి మట్టానికి కాస్త దిగువన ఆ గొట్టానికి సూది బెజ్జమంత కన్నం పెట్టి ఉంటే, మట్టం తగ్గగానే గాలి పీల్చుకుని లాగుడు ఆగిపోయేది. ఇప్పుడు పెట్టాను. తమరు మాత్రం ఆ రోజు పైకి తిరిగిన రెండు చివరల మధ్య నీళ్లను భద్రంగా పట్టి ఉంచి, కరెంటు రాగానే ఎవరూ పీల్చకుండానే పనిలోకి దిగారు. నిజం చెప్పాలి, ముచ్చటేసింది.

ఆ ముచ్చటలోనే చెడ్డాను. మంచి ఉద్యోగికి పెద్ద కుర్చీ వేద్దామని తమరిని అంగుళంన్నర పైపుకు మార్చాను. పెద్ద కాలవలో నీళ్లు నిదానంగా పారతాయని గుర్తు రాలేదు. అంగుళం పైపులో జోరుకు కొట్టుకుపోయే సన్న బుడగలు, ఇప్పుడు తమరి వంపులో అన్నిటికంటే ఎత్తైన చోట తీరిగ్గా చేరాయి. మూడు వారాలు ఒక్కొక్కటే పోగయ్యాయి. ఈ ఆదివారం తెల్లవారుజామున నీటి తీగ తెగింది.

2021 నవంబరులో సోమశిల ఆనకట్ట నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు పెన్న ఎలా వచ్చిందో, పడుగుపాడు దగ్గర రైలు కట్ట ఎలా కోసుకుపోయిందో తెలిసిన ఊరు ఇది. ఒక్క క్యూసెక్కంటే సెకనుకు 28 లీటర్లు. నా తొట్టి మొత్తం దానికి తొమ్మిది సెకన్ల పని. అయినా ఆ నీళ్లు వచ్చే ముందు ఎవరో ఒకరు హెచ్చరిస్తారు. తమరు కిక్కురుమనలేదు. మోటారు మాత్రం యథాప్రకారం నిమిషానికి 20 లీటర్లు ఎక్కించింది. పైన రెండంగుళాల ఖాళీ నిమిషంన్నరలో నిండింది. ఒక గోల్డ్ ఫిష్ అంచు దాకా వచ్చి మా ముందుగదిని తొంగి చూసి, నచ్చక వెనక్కి పోయింది.

పొద్దున్నే పాత అంగుళం పైపు మళ్లీ బిగించాను. తమరి వీపుకు సన్న గొట్టం తగిలించి మోటారు పీల్చే వైపు కలిపాను, చేరిన గాలిని అదే లాగేస్తుంది. కింది తొట్టిలో మోటారున్న అరకు గాజు అడ్డం పెట్టి, పైన ఉన్న ఖాళీకంటే తక్కువ నీళ్లు పట్టేలా కుదించాను. ఇక తమరు చచ్చినా మోటారు ఉత్త గాలి తాగుతుందే గానీ, చాప తడవదు.

అంతలో విడవలూరు దగ్గర రొయ్యల గుంటలున్న మా మామ వచ్చారు. చుట్టూ తిరిగి చూశారు. "అల్లుడూ, కలుజు పెట్టడానికి భయపడి కట్ట మీదుగా కాలవ ఎక్కించావే! దీనికి కాపలా ఎవరు, నువ్వేనా?" అన్నారు. నేనేనని ఒప్పుకోలేక కాఫీ తెస్తానని లేచాను.

కాబట్టి నిర్ణయం జరిగిపోయింది. మామూలు గాజైతే, నీళ్లు పోస్తూ వజ్రపు పొడి బిట్టుతో నిదానంగా కన్నం వేయవచ్చు. కాల్చి గట్టిపరిచిన టఫెన్డ్ గాజైతేనే ముక్కలవుతుంది. నాది మామూలు గాజేనని తేలింది. బుధవారం మనిషి వస్తాడు. ఆలోగా 200 లీటర్ల పైచిలుకు నీళ్లు ఖాళీ చేయాలి. చెంబుతో తోడితే నా నడుము ఒప్పదు. తమరి చివరి ఎల్బోలు కోసేసి, లోపలి కాలికి ఒక ముక్క అతికించి అడుగుదాకా దించితే ఆ పని తమరే చేస్తారు. కాకపోతే ఎవరో ఒకరు మళ్లీ పీల్చాలి.

సన్న గొట్టం కడిగి ఆరబెట్టాను. దాని పక్కన మా ఆవిడ ఉప్పు డబ్బా పెట్టి వెళ్లింది.

ఇట్లు,
తడి చాప యజమాని
దర్గామిట్ట, నెల్లూరు