బోరు నీళ్ళు సగానికి కాచమంటున్న మహానుభావులకు

మా తిరుపతి స్నేహితుల గ్రూపులో ఆ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. ‘ఫ్లోరైడ్ అనేది ఆర్ఓ కంపెనీలు పుట్టించిన టెన్షన్. బోరు నీళ్ళు సగమయ్యేదాకా కాచి, రాగి చెంబులో పోసుకుని తాగండి, చింతపండు వాడండి, ఏ టెస్టులూ అక్కర్లేదు’ అని. పంపేదంతా చదువుకున్నవాళ్ళే.

రాగి చెంబులో కొన్ని క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ క్రిమి కాదు, నీళ్ళలో కరిగి ఉండే ఖనిజం. అంతే.

కంపెనీలు పుట్టించాయట! ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళతో పళ్ళకూ ఎముకలకూ వచ్చే జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి డాక్టర్లు రాసింది 1937లో. అప్పుడు ఆర్ఓ మిషన్ ఎక్కడుంది సామీ?

అసలు మండేది ఆ కాచే సలహాకే. ఆవిరైపోయేది నీళ్ళు, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్ళు రెండు లీటర్లు పొయ్యి మీద పెట్టి ఒక లీటరుకు దించితే, ఆ లీటరులో దాదాపు 4 ఉంటుంది. తాగే నీళ్ళకు మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. పైగా గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నదాన్ని ఫొటో తీసి ‘ఇదిగో ఫ్లోరైడ్ దిగిపోయింది’ అని సాక్ష్యం! అందులో ముప్పాతిక మూడొంతులు సున్నమే. అడుగున సున్నం చూసి మురిసిపోయి, పైనున్న చిక్కటి ఫ్లోరైడ్ నీళ్ళు పిలకాయలకు పోస్తున్నారు. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసు వాళ్ళది, అప్పుడు పడే మచ్చ తోమితే పోయేది కాదు. ఇదే మోతాదు ఏళ్ళ తరబడి సాగితే ఎముకలకూ ఎక్కుతుంది. విరేచనాల భయముంటే బాగా ఒక పొంగు రానిచ్చి దించండి, చాలు.

చింతపండు మాటకొస్తే, చెప్పడానికి నాకే కష్టంగా ఉంది గానీ, అందులో విషయముంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు చింతపండు పెట్టి చూసి, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని 2002లో ప్రచురించారు. కాబట్టి పులుసు మానకండి. కానీ అది ఒంట్లోంచి కొంత పోవడం గురించి, బిందెలో నీళ్ళు బాగుపడటం గురించి కాదు.

ఇక టెస్టులు అక్కర్లేదట. రంగు లేదు, వాసన లేదు, మరి నాలుక మీద వేసుకుని చెబుతారా? కుప్పం, పుంగనూరు వైపు బోర్లు దిగేది గ్రానైటు రాతిలోకి, ఫ్లోరైడ్ వచ్చేదే ఆ రాయిలోంచి. ఎంత లోతుకు వేస్తే అంత మంచి నీళ్ళు అనేది కూడా భ్రమే. ఒక బోరు రిపోర్టు పక్క చేలో బోరుకు చెల్లదు, అందుకని మీ బోరు నీళ్ళే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో ఇవ్వండి. కాచకుండా.