మీరు మొలిపించిన ఈకల గురించి

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో కొలువుండి, అటూ ఇటూ జరిపితే బొమ్మకి పదును పెట్టే మహారాజశ్రీ షార్ప్‌నెస్ స్లైడర్ గారి దివ్య సముఖానికి, మీ పాత భక్తుడు రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. అంటే ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమం. క్షేమంగా లేనిదల్లా మనిద్దరి మధ్యా ఇరుక్కున్న పిట్ట ఒక్కటే.

ఏ పిట్టో గుర్తుండే ఉంటుంది. ఇండియన్ పిట్టా. మన ‘పిట్ట’ అనే మాటనే పట్టుకెళ్లి, 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ ప్రజాతికి పేరుగా పెట్టాడు. ఆ లెక్కన తెలుగువాళ్లకి అది చుట్టమే. అయినా మొహం చూపించదు. జానెడు కూడా ఉండదు, తోక ఉందా అంటే ఉంది. పొదల కింద ఎండుటాకుల్ని ఎగదోస్తూ పురుగులు ఏరుకుంటుంది. పొద్దున్నే, మళ్లీ చీకటిపడే ముందు, రెండు స్వరాల ఈల వేస్తుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న పెద్దమనిషి దీన్ని చూసే అని ఉంటాడు. కాదు, చూడలేకపోయి అని ఉంటాడు.

నాలుగు ఉదయాలు దోమలకి రక్తదానం చేశాక ఐదో రోజు వచ్చింది. నా దగ్గరున్నది 600 ఎంఎం లెన్సు. చెట్ల కింద వెలుతురు పిసినారి ఇంట్లో దీపంలా ఉంది. వెలుతురు లోపలికొచ్చే దాని కిటికీ, అంటే ఎపర్చర్, 6.3కి మించి తెరుచుకోదు. షటర్ స్పీడు సెకనులో 250వ వంతుకి దించినా వెలుతురు చాలనప్పుడు బొమ్మని వెలిగించే ఐఎస్ఓ 12800కి ఎక్కి కూర్చుంది. పది మీటర్ల దూరంలో ఆ లెన్సుకి స్పష్టంగా కనిపించే మందం పది సెంటీమీటర్లు. పిట్ట అందులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఊపిరి బిగబట్టి 47 ఫోటోలు కొట్టాను.

కంటిని వెతికి పట్టుకునే ఆటోఫోకస్ అని కెమెరా డబ్బా మీద రాశారు. ఎవరి కంటినో రాయలేదు. పిట్ట ముందు ఒక ఎండుటాకు నిలబడి ఉంది. దానికి పురుగు తొలిచిన గుండ్రటి చిల్లు ఒకటుంది. మా కెమెరా దాన్నే కన్ను అనుకుని, 47 సార్లూ ఎంతో భక్తిగా అక్కడే ఫోకస్ చేసింది.

ఇంటికొచ్చి మీ కాళ్ల మీద పడ్డాను. పిట్ట కాస్త పెద్దగా కనపడాలని పొడుగూ వెడల్పూ మూడో వంతుకి కోసేశాను. 24 మెగాపిక్సెళ్లలో మిగిలినవి మూడు కూడా లేవు. ఆ మిగిలిన దాని నిండా ఇసుక చల్లినట్టు నాయిస్. వెలుతురు తక్కువైతే సెన్సర్ మీద పడే కాంతికణాలే తక్కువ, పడేవి కూడా ఒక లెక్కా పత్రం లేకుండా పడతాయి. ఇది మీ తప్పని నేను అనను. కానీ 40 దగ్గర బుద్ధిగా కూర్చున్న మిమ్మల్ని 90కి లాగినప్పుడు ‘బాబూ, నా వల్ల కాదు’ అని ఒక్క మాట చెప్పొచ్చు కదా! మీరు కిక్కురుమనలేదు. ఉన్న ఇసుకని గులకరాళ్లు చేసి పెట్టారు.

మీ వంశచరిత్ర నాకు తెలుసు లెండి. డార్క్‌రూమ్ రోజుల్లో మీ తాతగారు నెగెటివ్‌కి మసక కాపీ ఒకటి చేసి, దాన్ని అసలు దానితో జతపరిచి ప్రింటు తీసేవారట. అన్‌షార్ప్ మాస్క్ అన్న పేరు అలా వచ్చిందే. పదును పెట్టే పనిముట్టుకి మసక అని పేరు! అంచు దగ్గర చీకటి వైపు ఇంకాస్త నలుపు, వెలుగు వైపు ఇంకాస్త తెలుపు పూయడమే మీ కుటుంబ వృత్తి. లేని వివరాన్ని తెచ్చే శక్తి తాతగారికీ లేదు, మీకూ లేదు. మీ పుణ్యమా అని మా పిట్ట చుట్టూ తెల్లటి గీత వచ్చి, క్యాలెండర్‌లో దేవుడిలా వెలిగిపోతోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. మీ ఇంట్లో కొత్తగా పుట్టిన ఏఐ తమ్ముడొకడు ఉన్నాడు చూశారూ, వాడి దగ్గరికి వెళ్లడం నాదే బుద్ధితక్కువ. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లని చాలామందిని చూశాను. ఈకలు మొలిపించేవాణ్ని మాత్రం వీడినే చూశాను. ఒక్క బటన్ నొక్కానో లేదో, ముద్దలా ఉన్న పొట్ట మీద ఈకకి ఈక వచ్చేసింది. కంట్లో మెరుపు కూడా వచ్చింది. ఆనందంతో నాకు కళ్లు చెమర్చాయి.

ఆ ఫోటో పట్టుకెళ్లి పక్షుల్ని నలభై ఏళ్లుగా చూస్తున్న ఒక పెద్దాయనకి చూపించాను. కళ్లజోడు పైకి తోసి, ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూశారు.

“ఏం పిట్ట నాయనా ఇది?”

“పిట్టా అండీ.”

“పిట్టాకి పొట్ట మీద ఈ చారలెక్కడివి? అది సాదాగా గోధుమరంగులో ఉంటుంది కదా.”

నాయిస్‌లో ఉన్న మచ్చలన్నిటినీ మీ తమ్ముడు చారలుగా కుట్టేశాడు మరి. “వెలుతురు అలా పడిందండీ” అన్నాను. ఆయన నా వంక చూసిన చూపుకి మాత్రం ఏ స్లైడరూ అక్కర్లేదు. అంత పదునుగా ఉంది.

కాబట్టి నా విన్నపాలు. ఫోకస్ తప్పిన ఫోటోని మీ దగ్గరికి తెస్తే, సున్నా దాటి కదలకండి. ఆల్ట్ మీట నొక్కి, పదును ఎక్కడెక్కడ పడాలో చెప్పే మాస్కింగ్ స్లైడర్‌ని లాగినప్పుడు తెరంతా తెల్లబడితే పిట్టతో పాటు నాయిస్‌ని కూడా చెక్కబోతున్నారని అర్థం, అప్పుడు కాస్త మొరాయించండి. పక్కవాడెవడో ఫోన్‌లో పిట్ట కూత వినిపించి, పాపం దాన్ని బయటికి రప్పించి తీసిన ఫోటో తెస్తే అసలు తెరుచుకోకండి. నేను మాత్రం అలా చేయను. ఐదో రోజు దాకా ఆగినవాణ్ని, ఆరో రోజు దాకా ఆగలేనా?

రేపు మళ్లీ వెళ్తున్నాను. ఈసారి ఆ ఆకు ఎక్కడుందో ముందే చూసుకుంటాను.

ఇట్లు,
మీ భక్తుడు

తా.క.: మొన్న ఆ 47 ఫోటోలూ మళ్లీ తీసి చూశాను. ఎండుటాకు మాత్రం అన్నిట్లోనూ అమోఘం. ఈనెలు లెక్కపెట్టొచ్చు, చిల్లు అంచున పురుగు కొరికిన గాట్లు కూడా కనిపిస్తున్నాయి. మిమ్మల్ని సున్నా దగ్గరే ఉంచి, ఒకటి ప్రింటు వేయించి గోడకి తగిలించాను. ఇంటికొచ్చినవాళ్లు దగ్గరికెళ్లి మరీ చూసి, ఇదేం పిట్ట అని అడుగుతున్నారు.